పంటికి తగిలేది హెడ్డే: ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఎంపికపై ఒక పరిశీలన

ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించేవి సాధారణంగా నాలుగు సంగతులు: నిమిషానికి ఎన్ని వేల కదలికలు, ఎన్ని మోడ్‌లు, ఎన్ని రోజుల బ్యాటరీ, ఫోన్‌లో వేసుకోవడానికి ఏ యాప్. ఈ నాలుగూ హ్యాండిల్‌కు చెందినవే. పంటిని తాకే భాగం మాత్రం బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దదైన హెడ్, అందులో కుచ్చులు కుచ్చులుగా బిగించిన సన్నని పోచలు. వాటి గురించి పెట్టె మీద ఒక్క వాక్యం ఉంటే అదే ఎక్కువ. హ్యాండిల్‌ను ఒకసారి కొని కొన్నేళ్ళు వాడతారు, హెడ్‌ను మూడు నెలలకోసారి మార్చాలి. అందువల్ల ఈ హ్యాండిల్‌కు ఏ హెడ్లు సరిపోతాయి, వాటి పోచలు ఎలా తయారయ్యాయి, నాలుగేళ్ళ తరువాత కూడా అవి దొరుకుతాయా అన్న ప్రశ్నలతో ఎంపిక మొదలుపెట్టడం మేలు. మోటారు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

అంతకు ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మామూలు బ్రష్ చాలదా? చాలుతుంది. సరైన పద్ధతిలో, తొందరపడకుండా, మెత్తని బ్రష్‌తో తోముకునేవారి నోరు శుభ్రంగానే ఉంటుంది. అయితే అలా తోముకునేవారు తక్కువ. వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014లో ప్రచురించిన సమీక్ష 56 పరీక్షలను, 5,068 మంది వివరాలను పరిశీలించి, మామూలు బ్రష్‌తో పోలిస్తే ఎలక్ట్రిక్ బ్రష్ వాడినవారిలో పాచి మొదటి మూడు నెలల్లో 11 శాతం, ఆ తరువాత 21 శాతం తగ్గిందని, చిగుళ్ళ వాపు అదే వరుసలో 6 శాతం, 11 శాతం తగ్గిందని తేల్చింది. ఇది చెప్పుకోదగ్గ తేడాయే కాని, ప్రకటనల్లో వినిపించే స్థాయిది కాదు. పైగా ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం స్వల్పకాలానివి కాబట్టి, ఇరవై ఏళ్ళ తరువాత ఎన్ని పళ్ళు మిగులుతాయో ఈ అంకెలను బట్టి చెప్పలేము. చేతి నైపుణ్యం తక్కువైనవారికి, కీళ్ళ నొప్పులున్నవారికి, తోమే పని త్వరగా ముగించేవారికి లాభం ఎక్కువ. ఇప్పటికే ఓపికగా తోముకునేవారికి తక్కువ.

ఈ పరికరం పుట్టుకలోనే ఆ తర్కం కనిపిస్తుంది. 1954లో స్విట్జర్లాండ్‌లో రూపొందిన బ్రాక్సోడెంట్ చేతులు సరిగా ఆడించలేని రోగులను, పళ్ళకు క్లిప్పులు వేసుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. అది నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించే యంత్రం. 1960 ప్రాంతంలో అమెరికా మార్కెట్‌కు చేరింది. నేడు కనిపించే రెండు ప్రధాన రకాలు 1990ల తొలినాళ్ళలో స్థిరపడ్డాయి: గుండ్రని హెడ్‌ను కొంత కోణం మేర అటూఇటూ తిప్పే బ్రాన్ వారి పద్ధతి ఒకటి, అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌తో ముడిపడిన పరిశోధన నుంచి 1992లో సోనికేర్ పేరుతో వచ్చిన, హెడ్‌ను అతి వేగంగా అదిరించే సోనిక్ పద్ధతి మరొకటి. మొదటిది ఇప్పుడు ఓరల్-బి పేరుతో, రెండోది 2000 నుంచి ఫిలిప్స్ చేతిలో నడుస్తున్నాయి. మార్కెట్‌లో ఎన్ని పేర్లున్నా పనిచేసే పద్ధతి చాలావరకు ఈ రెంటిలో ఒకటి.

గుండ్రని హెడ్ చిన్నది, ఒక పంటిని చుట్టుకున్నట్టు కూర్చుంటుంది. దానితో ఒక్కో పంటి దగ్గర ఒకటి రెండు సెకన్లు నిలిపి పక్క పంటికి జరగాలి, చేత్తో రుద్దకూడదు. సోనిక్ రకం హెడ్ మామూలు బ్రష్ ఆకారంలో పొడవుగా ఉండి అతి వేగంగా అదురుతుంది. చిగురు, పన్ను కలిసే గీత వద్ద సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోవాలి. ఆ అదురు వల్ల నోటిలోని నీరు, పేస్టు నురగ కూడా కదిలి పోచలు చేరని చోట పాచిని కదిలిస్తాయని చెబుతారు. ప్రయోగశాలలో ఆ ప్రభావాన్ని చూపవచ్చు కాని, నోటిలో జరిగే శుభ్రతలో పోచల వాటా ఎంత, నీటి వాటా ఎంత అని విడదీయడం కష్టం. పరిశోధనల సంఖ్యలో గుండ్రని రకానిదే పైచేయి. అయినా వెనుక దవడ దాకా చిన్న హెడ్ అందుకోవడం ముఖ్యమనుకునేవారికి గుండ్రనిదీ, పాత బ్రష్ అలవాటు వదలలేనివారికి సోనిక్‌దీ నప్పుతాయని చెప్పడం తప్ప, ఒకదాన్ని గెలిపించడానికి బలమైన కారణం కనిపించదు. మొదటి వారంలో సోనిక్ రకం ముక్కు, పెదవుల దగ్గర చక్కిలిగింత పెడుతుంది. గుండ్రని రకం మోత ఎక్కువ చేస్తుంది. ఈ రెండూ నాలుగు రోజుల్లో అలవాటైపోతాయి.

నిమిషానికి ఇన్ని వేల కదలికలు అనే అంకె గురించి కొంచెం జాగ్రత్త అవసరం. ఒక బ్రష్ సెకనుకు 260 సార్లు ఊగుతుందనుకుందాం. అటు వెళ్ళి ఇటు రావడాన్ని ఒకటిగా లెక్కిస్తే నిమిషానికి 15,600 అవుతాయి. పోవడం ఒకటి, రావడం ఒకటి అని లెక్కిస్తే 31,200 అవుతాయి. మోటారు మారలేదు, లెక్క మారింది. ఊగే దూరం ఎంతో చెప్పకుండా ఎన్నిసార్లు ఊగిందో మాత్రమే చెప్పే అంకెకు పెద్ద విలువ లేదు. నాసి రకం బ్రష్‌ను పంటికి ఆనించగానే ఊపు చచ్చిపోతుంది, గాలిలో ఉన్నప్పుడు మాత్రం దాని అంకె ఘనంగానే ఉంటుంది. కొనేముందు పరీక్షించే అవకాశం ఉంటే హెడ్‌ను వేలి కొసకు మెల్లగా ఆనించి చూడాలి. ఆ కాస్త ఒత్తిడికే కదలిక మందగిస్తే దాన్ని పక్కన పెట్టవచ్చు.

హ్యాండిల్‌లో నిజంగా విలువైన సదుపాయం ఏదంటే, ఒత్తిడిని గుర్తించే సెన్సర్. మామూలు బ్రష్‌తో ఏళ్ళ తరబడి గట్టిగా రుద్దిన చెయ్యి, ఎలక్ట్రిక్ బ్రష్ పట్టుకున్నా అదే బలం వాడుతుంది. పంటి పైనున్న ఎనామిల్ గట్టిది. నైలాన్ పోచలు ఒక్కటే దాన్ని అరగదీయలేవు. కాని చిగురు కిందికి జారి వేరు భాగం బయటపడిన చోట ఉండేది డెంటిన్, అది ఎనామిల్ కంటే చాలా మెత్తన. అక్కడ పేస్టులోని గరుకు పదార్థం, గట్టి ఒత్తిడి కలిస్తే చిగురు దగ్గర పంటి మెడ భాగంలో గాడి పడుతుంది, చల్లని నీరు తగిలినప్పుడు జివ్వుమంటుంది. ఎలక్ట్రిక్ బ్రష్‌కు తగిన ఒత్తిడిని సుమారు 150 గ్రాముల బరువుతో పోల్చి చెప్పడం వాడుక. ఆ మాట విన్నంత మాత్రాన చేతికి అర్థం కాదు. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద, ఆపి ఉన్న బ్రష్ హెడ్‌ను రోజూ తోముకునే బలంతో అదిమి చూస్తే తెలుస్తుంది. చాలామంది తమ అంకె 300, 400 దాటడం చూసి ఆశ్చర్యపోతారు. 150 దగ్గర పోచలు కొనల వద్ద కాస్త వంగుతాయి. 400 దగ్గర కుచ్చంతా పక్కకు పడిపోయి, పంటి మీద కొనల బదులు పోచల పక్కలు రాసుకుంటాయి. అలా పడిపోయిన పోచ చిగురు గీతలోకి చేరదు, అంటే గట్టిగా అదిమినవారి పళ్ళు తక్కువ శుభ్రపడతాయి.

సెన్సర్ హెచ్చరించే తీరు కూడా చూడాలి. బ్రష్ మెడ దగ్గర దీపం వెలిగే రకంలో అద్దం ముందు నిలబడి తోముకునేవారికే అది కనిపిస్తుంది. హ్యాండిల్ అదురు మారడం, మోటారు తానే వేగం తగ్గించుకోవడం లాంటివి చేతికి తెలుస్తాయి కాబట్టి అవి మెరుగు. బాగా చవక మోడళ్ళలో సెన్సర్ అసలు ఉండదు. డబ్బు ఆదా చేయదలచినవారు మోడ్‌లను, యాప్‌ను, రంగు తెరను వదులుకోవచ్చు, దీన్ని మాత్రం వదులుకోకపోవడం మంచిది.

టైమర్ ఇప్పుడు దాదాపు అన్నిటిలో ఉంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోమంటుంది. నోటిని నాలుగు భాగాలు చేసి 30 సెకన్లకోసారి చిన్న విరామంతో గుర్తు చేసే టైమర్ అందుకు చాలు. తెల్లదనం మోడ్, చిగుళ్ళ మోడ్, లోతు శుభ్రత మోడ్ వంటివన్నీ వేగాన్నో, లయనో, వ్యవధినో మార్చేవే. సున్నితమైన చిగుళ్ళకు వేగం తగ్గించే మోడ్ ఒకటి పనికొస్తుంది. మిగిలినవాటిని కొన్న వారం తరువాత ముట్టుకునేవారు అరుదు. యాప్ పిల్లల చేత తోమించడానికి కొంతకాలం ఉపయోగపడవచ్చు.

బ్యాటరీ విషయానికి వస్తే, పాత, చవక మోడళ్ళలో నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్, కొత్తవాటిలో లిథియం-అయాన్ సెల్ ఉంటాయి. మొదటిది నిండడానికి సగం రోజుకు పైగా పట్టవచ్చు, నిండినది కొద్ది రోజులే వస్తుంది. రెండోది కొన్ని గంటల్లో నిండి రెండు మూడు వారాలు నడుస్తుంది. చార్జర్ స్టాండ్‌కూ హ్యాండిల్‌కూ మధ్య లోహపు స్పర్శ ఉండదు. స్టాండ్‌లోని తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం హ్యాండిల్‌లోని మరో తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. తడి చోట అది సురక్షితమైన ఏర్పాటు. ఇబ్బంది ఎక్కడంటే, నీరు చొరబడకుండా హ్యాండిల్‌ను మూసేసినందువల్ల సెల్ అరిగిపోతే బయటికి తీయడం కష్టం, ఎక్కువ మోడళ్ళలో దాన్ని టంకం వేసి బిగిస్తారు. మిగతా భాగాలన్నీ బాగున్నా సెల్ పోయిందని హ్యాండిల్‌నే పారేయవలసి వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి పరికరాల బ్యాటరీలను వాడుకరే తీసి మార్చుకోగలగాలి. కాని నీటి మధ్య వాడే పరికరాలకు అందులో మినహాయింపు ఉంది, వాటిలో నిపుణుడు మార్చగలిగితే చాలు. అంటే ఈ కష్టం ఇప్పట్లో తీరేది కాదు. చేయగలిగిందల్లా, వారంటీ ఎక్కువ కాలం ఇచ్చేదాన్ని ఎంచుకుని రసీదు దాచుకోవడం.

ఐపీఎక్స్7 అన్న గుర్తు ఉంటే హ్యాండిల్ మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకున్నదని అర్థం. అది కొత్త పరికరానికి, మామూలు నీటిలో చేసిన పరీక్ష. హెడ్ బిగించే ఇనుప కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు వాడేకొద్దీ సడలుతుంది, హ్యాండిళ్ళు చెడిపోయేది తరచుగా అక్కడి నుంచే. హెడ్‌ను లాగి చూస్తే ఆ కడ్డీ మొదట్లో తెల్లగా మొదలై బూడిద రంగుకు తిరిగిన జిగురు పేరుకుని ఉంటుంది. పేస్టు, ఉమ్మి, నీరు కలిసి దిగిన మడ్డి అది. అది కనబడిన రోజున చాలామంది బ్రష్‌ను అసహ్యించుకుంటారు. ప్రతిసారీ తోమిన వెంటనే హెడ్‌ను విడదీసి, దాన్నీ కడ్డీనీ విడివిడిగా కడిగి ఆరబెడితే ఆ మడ్డి చేరదు, రబ్బరు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక హెడ్. దాని నాణ్యత మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: పోచ మందం, కొన గుండ్రన, కుచ్చు బిగింపు. మెత్తని బ్రష్‌లో పోచ మందం సాధారణంగా 0.15 నుంచి 0.18 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, మధ్యరకంలో 0.2 దగ్గర. తేడా వెంట్రుకవాసి అనిపిస్తుంది కాని, పోచ బిరుసుదనం దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 0.15 నుంచి 0.20కి వెళితే బిరుసు మూడు రెట్లు దాటుతుంది. పొడవు పది శాతం తగ్గించినా బిరుసు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. కొలతలు కాస్త అటూఇటూ అయిన నాసి హెడ్ పైకి అదే ఆకారంలో ఉన్నా చిగుళ్ళకు ముళ్ళలా తోచడానికి కారణం ఇదే. ఎవరికైనా మెత్తని రకమే తగినది. గట్టి బ్రష్ బాగా తోముతుందన్న నమ్మకం బలమైనదే కాని, ఎలక్ట్రిక్ బ్రష్ విషయంలో దానికి ఏ ఆధారమూ లేదు.

పోచను యంత్రంతో కత్తిరించినప్పుడు కొన పదునైన అంచుతో మిగులుతుంది. మంచి తయారీలో దాన్ని నూరి గుండ్రంగా చేస్తారు. ఈ దశను కుదించడం ఖర్చు తగ్గించుకునే దారుల్లో ఒకటి. కంటికి అది కనిపించదు. అయితే ఫోన్ కెమెరాకు తగిలించే చిన్న భూతద్దంతో కొనలను చూస్తే, మంచి హెడ్‌లో అగ్గిపుల్ల తలల్లాంటి నున్నని కొనలు, నాసి హెడ్‌లో ఏటవాలుగా తెగిన పుల్లల్లాంటి కొనలు కనిపిస్తాయి. కుచ్చులను చాలా హెడ్లలో చిన్న లోహపు రేకుతో రంధ్రంలో బిగిస్తారు. కొత్త హెడ్‌ను పొడి చేత్తో రెండు మూడుసార్లు లాగి చూసినప్పుడు పోచలు ఊడి వస్తే దాన్ని నోటిలో పెట్టకూడదు. బొగ్గు కలిపిన నల్ల పోచలు, రబ్బరు రెక్కలు, రంగురంగుల గీతలు చూడటానికి బాగుంటాయి, ఈ మూడు పరీక్షల్లో వాటికి స్థానం లేదు.

హెడ్ సరిపోవడం అన్నది మరో చిక్కు. కంపెనీ పేరు ఒకటే అయినంత మాత్రాన అన్ని హెడ్లూ అన్ని హ్యాండిళ్ళకూ పట్టవు. ఓరల్-బిలో 2020లో వచ్చిన ఐఓ వరుసకు పాత గుండ్రని హెడ్లు సరిపోవు, ఐఓ హెడ్లు పాతవాటికి పట్టవు. సోనికేర్‌లో మరతో బిగించే పాత రకానికీ, నొక్కి తగిలించే కొత్త రకానికీ పొత్తు లేదు. అమ్మకంలో ఎక్కువ కాలం నిలిచిన వరుసకు చెందిన హ్యాండిల్‌ను ఎంచుకోవడంలో ఉన్న లాభం ఇక్కడే బయటపడుతుంది. ఒకరికి ఏడాదికి నాలుగు హెడ్ల చొప్పున, అయిదేళ్ళకు ఇరవై. నలుగురున్న ఇంట్లో ఎనభై. హ్యాండిల్ ధరలో మిగిలిందనుకున్నది హెడ్ల ఖర్చులో పోవడానికి ఎంతో కాలం పట్టదు కాబట్టి, రెండు మోడళ్ళను పోల్చేటప్పుడు హ్యాండిల్ ధరకు ఇరవై హెడ్ల ధర కలిపి లెక్క కట్టాలి. అలా కట్టిన లెక్కలో చవక మోడల్ తరచుగా తల్లకిందులవుతుంది. ఒకే హ్యాండిల్‌ను ఇద్దరు వాడుకుని హెడ్లు వేరుగా పెట్టుకోవచ్చు. హెడ్ల అడుగున రంగు ఉంగరాలు ఇచ్చేది అందుకే.

వేరే కంపెనీలు చేసే చవక హెడ్ల గురించి ఒక్క మాటలో తీర్పు చెప్పడం న్యాయం కాదు. తన పేరు పెట్టి, తయారీదారు చిరునామా ముద్రించి అమ్మే హెడ్ కొంత తక్కువ నాణ్యతతో అయినా పనిచేయవచ్చు. అసలు కంపెనీ పేరునే దొంగిలించి చేసిన నకిలీ హెడ్ అలాంటిది కాదు. దానిలో బిగువు సరిగా లేకపోతే కడ్డీ మీద హెడ్ ఊగి ఎక్కువ మోత వస్తుంది, లోపలి ప్లాస్టిక్ అరిగి, నోటిలో ఉండగానే హెడ్ ఊడి గొంతుకు అడ్డం పడే ప్రమాదం కూడా ఉంటుంది. ముద్రణలో మసక, పెట్టె మీద అక్షర దోషాలు, నమ్మశక్యం కాని ధర దాని గుర్తులు. కొన్ని కంపెనీలు హెడ్‌లో చిన్న చిప్ పెట్టి, వాడిన సమయాన్ని హ్యాండిల్ లెక్కించేలా చేస్తున్నాయి. వినియోగదారుకు అది గుర్తు చేసే సాధనం, కంపెనీకి తన హెడ్లే కొనిపించుకునే సాధనం కూడా. చిప్ లేని హెడ్‌తో ఆ హ్యాండిల్ నడుస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

మార్చవలసిన సమయం మూడు, నాలుగు నెలలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ సూచన. పోచలు అంతకు ముందే పూవులా విచ్చుకుంటే ముందే మార్చాలి. నెలన్నరకే విచ్చుకుంటుంటే హెడ్‌ను నిందించే ముందు త్రాసు పరీక్షను మళ్ళీ ఒకసారి చేయడం ఉత్తమం. కొన్ని హెడ్ల పోచల్లో రంగు సగం వరకు వెలిసి గడువును గుర్తు చేస్తుంది. ఆ రంగు వాడకానికి అంచనా మాత్రమే. తడి హెడ్‌కు మూత పెట్టి బిగించడం కంటే గాలి తగిలేలా నిలబెట్టి ఆరనివ్వడం మంచిది. అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసే పెట్టెలు మామూలు ఇంటికి అనవసరపు ఖర్చు.

పిల్లలకు చిన్న హెడ్, నెమ్మది వేగం గల ప్రత్యేక మోడళ్ళుంటాయి, ఎక్కువ కంపెనీలు మూడేళ్ళు దాటినవారికే సూచిస్తాయి. క్లిప్పులున్నవారికి అందుకు మలచిన హెడ్లున్నాయి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు, ఇటీవల నోటి శస్త్రచికిత్స అయినవారు వైద్యుని అడిగి మొదలుపెట్టడం అవసరం. వేళ్ళ పట్టు తక్కువైనవారికి లావుపాటి, జారని హ్యాండిల్, వేలితో సులభంగా నొక్కగలిగే మీట ముఖ్యం. ఇవి పెట్టె మీద రాసి ఉండవు, చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

ఎంత మంచి హెడ్ కొన్నా చేరలేని చోటు ఒకటి మిగులుతుంది. పంటికి అయిదు ముఖాలు, వాటిలో రెండు పక్క పళ్ళకు ఆనుకుని ఉంటాయి. ఆ సందుల్లోకి పోచలు దూరవు. అక్కడ దారంతోనో, సందుల్లో దూరే చిన్న బ్రష్‌తోనో రోజుకొకసారి శుభ్రం చేయాలి. పాచి గట్టిపడి గారగా మారితే ఏ బ్రష్‌కూ రాలదు, దాన్ని దంతవైద్యుడే గీకి తీయాలి.